ఏడో రాయి

పొద్దున ఆరు గంటల కొలతకు ఇంకా పది నిమిషాలుండగా లచ్చయ్య పెన్సిలు చెక్కుతున్నాడు. చేతిలో సగానికి విరిచిన బ్లేడు, బొటనవేలంత మిగిలిన పెన్సిలు ముక్క, పొట్టు కింద పడకుండా ఒళ్ళో పాత తువ్వాలు. ఆ గేజి గదిలో రాసేవాడూ ఆయనే, ఊడ్చేవాడూ ఆయనే. అందుకని పొట్టు రాల్చి మళ్ళీ ఊడ్చుకోవడం ఆయనకు ఇష్టం ఉండదు. నాలుగు రోజులుగా ముసురు పట్టింది. రేకుల మీద వాన చప్పుడు ఎంతగా అలవాటైపోయిందంటే, అది కాసేపు ఆగినప్పుడే ఆయన తలెత్తి చూస్తున్నాడు.

గది అనడమే గానీ అందులో నలుగురు నిలబడితే ఐదోవాడు బయట తడవాల్సిందే. ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకు గడియారం, మేకుకు గొడుగు, బల్ల మీద అట్ట ఊడిన పెద్ద రిజిస్టరు. కిటికీలోంచి చూస్తే కోడెలవాగు. వాగుకు ఇవతల రేగళ్ళగూడెం. అవతల, అడవి అంచున, ఇప్పలగుంపు అనే కోయల ఊరు, నలభై రెండు ఇళ్ళు. రెంటికీ మధ్య రాకపోకలకు వాగుకు అడ్డంగా పోసిన సిమెంటు చప్టా ఉంది. దాని అంచు వెంబడి మోకాలెత్తున సున్నం కొట్టిన రాళ్ళు పాతారు. ఆ వాగులో నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో గంటగంటకూ చూసి పైవాళ్ళకు చెప్పడం లచ్చయ్య ఉద్యోగం. ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే పని. ఆయనకు ఈత రాదు. ఎవరైనా ఎగతాళి చేస్తే, "నాది నీళ్ళు సూసే నౌకరి, ఈదే నౌకరి గాదు" అనేవాడు.

ఈ ఇరవై తొమ్మిదేళ్ళలో ఆఫీసర్లు మారారు. కబురు పంపే దారి మారింది. మొదట వైర్‌లెస్ సెట్టు, తర్వాత తీగల ఫోను, ఆ తర్వాత జేబు ఫోను, ఇప్పుడు యాప్. మారనిది పెన్సిలు ఒక్కటే. నీటి మట్టాన్ని ముందు పెన్సిలుతో రాస్తాడు. పైవాళ్ళకు చేరిందని జవాబు వచ్చాకే అదే అంకె మీద నీలం పెన్నుతో దిద్దుతాడు. చేరిన మొదటి ఏడాది ఒక ఆఫీసరు రిజిస్టరులో కొట్టివేత చూసి, పేజీ చింపి మొహాన కొట్టాడు. ఆ రోజు పట్టుకున్న పద్ధతి అది. పొద్దు గూకేసరికి పెన్సిలు అంకె ఒక్కటి కూడా మిగలకూడదు, మిగిల్చింది కూడా లేదు. ఆయన భార్య బతుకమ్మకు అక్షరం ముక్క రాదు గానీ ఈ చదువు మాత్రం వచ్చు.

"నల్లగుంటే పని కాలే, నీలంగుంటే అయింది. గింతే గదా నీ సదువు?" అంటుంది.

గింతే. ఆయనా కాదనడు.

ఆరు కొట్టింది. గట్టు మీది నుంచి వాగు నడుమ దాకా మెట్ల వరసలా దిగే ఆరు సిమెంటు స్తంభాలు గేజి. నల్ల గీతలు, తెల్ల గీతలు. కిటికీలోంచే నీటి అంచు చదివాడు. రెండు మీటర్ల తొంభై. పెన్సిలుతో రాసి, గొడుగు తీసుకుని చప్టా మీదికి నడిచాడు. రాళ్ళు లెక్కపెట్టుకుంటూ ఏడో రాయి దగ్గర ఆగి ఫోను తీశాడు. తెర మీది ఎర్ర చుక్క కాస్త తడబడి పచ్చబడింది. అంకె కొట్టాడు. ముఖం చూపించమంటే చూపించాడు. కళ్ళు ఆర్పమంటే ఆర్పాడు. పంపేది ఫొటో కాదని, బతికున్న మనిషేనని దానికి నమ్మకం కుదరాలట. టిక్కు పడింది. వెనక్కి వచ్చి నీలం పెన్నుతో దిద్దాడు.

ఈ ఏడో రాయి సంగతి కాస్త చెప్పాలి.

రెండేళ్ళ కిందట మే నెల ఎండలో కుర్ర ఇంజినీరు ఉదయ్ భాస్కర్ ట్యాబు చంకన పెట్టుకుని వచ్చాడు. సత్తుపల్లి వైపు పిల్లవాడు, మర్యాద తెలిసినవాడు. "లచ్చయ్య గారూ, ఇకమీదట మీ రీడింగు నేరుగా సర్వర్‌కి పోద్దండి. మధ్యలో ఎవరూ ఫోన్లు ఎత్తే పని లేదు. నీళ్ళు ఐదు మీటర్లు దాటాయా, అవతల ఊళ్ళో సైరన్ దానంతటదే మోగుద్ది. మీ గేజి ఎక్కడుందో చూపిస్తే లొకేషన్ పెట్టేసుకుంటా" అన్నాడు.

అన్నేళ్ళలో, నీ గేజి చూపించు అని అడిగిన ఆఫీసరు ఒక్కడు లేడు. లచ్చయ్య ఛాతీ ఉబ్బింది. గట్టు మీది స్తంభం చూపించి ఊరుకుంటే సరిపోయేది. కానీ సున్నా గీత ఉన్న అసలు స్తంభం వాగు నడిమధ్యన ఉంది. దాన్ని పాతిన రోజు సిమెంటు తట్ట మోసింది తానే. ఎండాకాలం కనుక వాగంతా ఇసుకే. చెప్పుల్లోంచి కాళ్ళు కాలుతుంటే కుర్రాణ్ణి వెంటబెట్టుకుని ఆ ఇసుకలో నడిపించుకుపోయి, "గిదే సార్ అసలుది" అని స్తంభాన్ని ప్రేమగా తట్టి చూపించాడు. కుర్రాడు అక్కడే నిలబడి తెర మీద వేలు నొక్కాడు. చుట్టూ ముప్ఫై మీటర్ల వలయం పడింది. ఆ వలయంలో నిలబడి పంపితేనే కొలత లెక్కలోకి వస్తుంది. ఇంట్లో పడుకుని గాలి అంకెలు పంపేవాళ్ళకు అది ముకుతాడు.

ఆలోచన మంచిదే, కాదనలేం. గాలి అంకెలు పంపినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. పంపనివాడికి కూడా ముకుతాడు పడింది, అదొక్కటే తేడా. ఆ వలయం అంచు గట్టు దాకా రాదు. చప్టా మీద ఏడో రాయి దగ్గరే ఆగిపోతుంది. నీళ్ళు నాలుగు మీటర్లు దాటితే చప్టా మునిగిపోతుంది. కొలత ఎవరికీ అక్కర్లేని రోజున గొడుగు వేసుకుని షికారుకు పోయినట్టు పోయి పంపవచ్చు. అందరికీ కావలసిన రోజున మాత్రం వాగులోకి దిగాలి. ఇది వానలు మొదలయ్యాక గానీ ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

యాప్‌లోనే ఫిర్యాదు పెట్టుకునే చోటుంది. అంగన్‌వాడీ టీచరు రోజారాణి చేత రాయించాడు. పదో రోజున జవాబు వచ్చింది: 'మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవపై మీ అభిప్రాయం తెలపండి.' కింద ఐదు నక్షత్రాలు. వలయం అంగుళం కూడా కదల్లేదు. అయినా లచ్చయ్య ఐదు నక్షత్రాలూ నొక్కాడు. తక్కువ నొక్కితే ఆ కుర్ర సారు మాట పడతాడేమో అనుకున్నాడు. అడిగిన పెద్దవాళ్ళతో మీ పని బాగాలేదని ఎట్లా అంటాం అనుకున్నాడు. రోజారాణి నెత్తి కొట్టుకుంది.

"అయ్యో పెదనాయినా! గట్ల నొక్కితే నీ పని అయిపోయిందని రాసుకుంటరు."

నిజమే. రెండోసారి ఫిర్యాదు పెడితే 'ఈ సమస్య ఇదివరకే పరిష్కరించబడింది' అని నిమిషంలో వచ్చేసింది. ఉదయ్ భాస్కర్‌నే నేరుగా అడిగితే, "ప్రపోజల్ పంపానండి, పైనుంచి రావాలి" అన్నాడు. అతనూ అబద్ధం చెప్పలేదు. పైన అంటే ఎంత పైన అన్నది అతనికి మాత్రం ఏం తెలుసు?

పోయిన ఆగస్టులో ఇంకొకటి జరిగింది. నీళ్ళు నాలుగు మీటర్ల ఎనభైకి వచ్చాయి. లచ్చయ్య ఆగలేక ఇప్పలగుంపుకు ఫోను చేసి ఊరి వెనక గుట్ట ఎక్కండని చెప్పాడు. వాళ్ళు ఎక్కారు. రెండు రాత్రులు వానలో పరదాల కింద కూర్చున్నారు. నీళ్ళు ఎనభై దగ్గరే ఆగి తిరిగిపోయాయి. సైరన్ మోగకుండా ఊరు ఖాళీ చేయించినవాడెవడని పైనుంచి అడిగారు. మెమో వచ్చింది. 'ఇకపై నోటిమాటగా ఎటువంటి హెచ్చరికలూ చేయను' అని రాసిచ్చి లచ్చయ్య సంతకం పెట్టాడు. ఊరివాళ్ళూ తిట్టారు. ఆ దెబ్బతో ఇప్పలగుంపువాళ్ళు మనిషి మాట మానేసి సైరన్‌ను నమ్మడం నేర్చుకున్నారు.

ఏడు, ఎనిమిది, తొమ్మిది. పది గంటలకు మూడు మీటర్ల ముప్ఫై. నడవడం, రాళ్ళు లెక్కపెట్టడం, కళ్ళు ఆర్పడం, వచ్చి దిద్దడం. రోడ్డు మీద మణుగూరు బొగ్గు లారీలు పొద్దున్నుంచీ కదలడం లేదు. ఎక్కడో కల్వర్టు తెగిందట. గోదావరి కూడా పెరుగుతోందని, ఇంజినీర్లందరినీ భద్రాచలం కరకట్ట మీదికి పంపారని పాలవాడు చెప్పిపోయాడు. పన్నెండింటికి మూడు డెబ్బై.

బతుకమ్మ గిన్నె నెత్తిన పెట్టుకుని, దాని మీద యూరియా సంచి కప్పుకుని వచ్చింది. పప్పు, చింతచిగురు పచ్చడి. ఆమె గోడవారన కూర్చుని చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ ఆయన తినేదాకా ఆగింది. తిన్నాక మాత్రం వదలదు.

"వెంకన్న మళ్ళ ఫోను చేసిండు. ఐతారం రిటైర్మెంటట. గని కాడ్నే దండలేస్తరట. అన్న రాకుంటే ఎట్ల వదినా అని ఒకటే అడుగుడు."

"వానలు తగ్గనీ."

"వానలు తగ్గినంక ఆడ ఏముంటది? దండలెండిపోతయి."

లచ్చయ్య చేయి కడుక్కున్నాడు. వెంకన్న ఆయన తమ్ముడు. తండ్రి మణుగూరు గనిలో ఊపిరి చెడి ఇంటికి చేరినప్పుడు ఆయన ఉద్యోగం ఇద్దరు కొడుకుల్లో ఒకరికి వస్తుందన్నారు. వెంకన్న పది పాసయ్యాడు. లచ్చయ్య ఎనిమిదిలో ఆగిపోయాడు. "నువ్వు పెద్దోనివిరా, ఇంకేదన్న సూసుకుంటవ్" అన్నాడు తండ్రి. సూసుకున్నాడు. ఈ వాగు దొరికింది. రోజుకూలీగా చేరి, అవుట్‌సోర్సింగు దాకా వచ్చాడు. జూన్ నుంచి అక్టోబరు దాకా కదలకూడదు. ఎవరి పెళ్ళికీ పోలేదు. తండ్రి జూలైలో పోయాడు. కబురు తెలిసేసరికి వాగు పొంగుతోంది. బదులు మనిషి వస్తానని రాలేదు. మూడో నాడు పోయేసరికి బూడిద కూడా ఎత్తేశారు. ఆ బదులు మనిషి రిటైరయ్యాక ఆ ఖాళీని ఎవరితోనూ నింపలేదు. పలుపుతాడు పొడవున తిరిగే గొడ్డుకు కూడా సాయంత్రం కొట్టం మారుతుంది. ఆయనకు అదీ లేదు. ఈ మాట ఎప్పుడూ పైకి అనలేదు గానీ, పచ్చ చుక్క కోసం రాళ్ళు లెక్కపెట్టేటప్పుడు ఒక్కోసారి ఫోను గిరాటేసి ఆ చప్టా మీదుగా అవతలికి, ఆపైన ఇంకా అవతలికి నడిచిపోదామనిపించేది. ఏడో రాయి దాటి ఎనిమిదో దాని దాకా కూడా పోయేవాడు కాదు.

"ఈ వానాకాలమే ఆఖరు" అన్నాడు ఉన్నట్టుండి.

బతుకమ్మ నవ్వింది. "పదేండ్ల సంది వింటున్న. నాలుగింటికి చాయ తెస్త, ఈడ కూసోని తాగుదువులే" అని గిన్నె ఎత్తుకుని వెళ్ళింది.

రెండింటికి నాలుగు మీటర్ల ఇరవై. చప్టా మీద చీలమండల దాకా నీళ్ళు. మూడింటికి నాలుగున్నర, మోకాళ్ళు మునిగాయి. గట్టు మీది నల్లమద్ది చెట్టుకు ఒక తాడు కట్టి ఉంచుకున్నాడు. దాని కొస నడుముకు బిగించుకుని పోయాడు. ఆ తాడు ఐదో రాయి దాకానే వస్తుంది. పొడవు తాడు కావాలని కూడా ఒకసారి అడిగాడు. మిగతా రెండు రాళ్ళూ తాడు విప్పి, ఒంగి, మునిగిన రాళ్ళను చేత్తో తడుముకుంటూ నడిచాడు. మూడింటి అంకె పోయింది. వణుకుతూ వచ్చి నీలం పెన్నుతో దిద్దాడు. తడి వేళ్ళకు పెన్ను జారి ఐదు అంకె కొంచెం వంకర పోయింది. అది ఆయనకు నచ్చలేదు.

కిటికీ దగ్గర నిలబడి తల తుడుచుకుంటుంటే చెట్టు కనబడింది. ఏటి మీద కొమ్మలు రావడం వింత కాదు. ఇది చెట్టు, వేళ్ళతో సహా, వేళ్ళ మధ్య ఎర్రమట్టి ఇంకా కరగకుండా. దాని వెనక ఇంకొకటి. తర్వాత ఒక వెదురు పొద మొత్తంగా. లచ్చయ్య చేతిలో తువ్వాలు ఆగిపోయింది. మట్టి కరగలేదంటే ఇప్పుడే, దగ్గర్లోనే పెళ్ళగిలింది. వానకు చెట్లు అట్లా లేవవు. పైన ఏదో చెరువు కట్ట తెగింది. ఇలాంటిది ఆయన ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్కసారి చూశాడు. అప్పుడు రెండు గంటల్లో వాగు ఇప్పలగుంపు ఇళ్ళ చూరు అందుకుంది. అప్పుడు పరుగెత్తుకుంటూ చప్టా దాటి పోయి ఊరిని లేపాడు. ఇప్పుడు చప్టా నీళ్ళ కింద ఉంది.

సంతకం గుర్తొచ్చింది. దాన్ని పక్కన పెట్టి ఇప్పలగుంపు పెద్ద జంపక్కకు ఫోను చేశాడు.

"జంపక్కా, నేను లచ్చయ్యను. పిల్లల్ని, ముసలోళ్ళని తీస్కొని గుట్టెక్కుండ్రి. జల్దీ."

"నీళ్ళెంతున్నయ్ తమ్మీ?"

"నాలుగు డెబ్బై. నీళ్ళు గాదు అక్కా, చెట్లొస్తున్నయ్, ఏళ్ళతోని. పైన కట్ట తెగింది."

"సైరన్ మోగలే గదా."

"దాని ముచ్చట ఇడిసిపెట్టు. నేను చెప్తున్న గదా!"

"పోయినేడు గూడ నువ్వే చెప్తివి. నా మనవరాలు జరమొచ్చి బతుకుతదో లేదో అన్నట్టాయె. ఇయ్యాల నేను లెమ్మంటే ఎవలు లేస్తరు? నా కొడుకే లేవడు. అందరి చెవులు ఆ సైరన్ మీదనే ఉన్నయ్. అది కూస్తే ఒక్కరు ఆగరు. కూయనీ తమ్మీ."

ఆమె కోపంగా అనలేదు. అదే ఆయనకు ఎక్కువ బాధ కలిగించింది.

ఉదయ్ భాస్కర్ నాలుగోసారికి ఎత్తాడు. వెనకాల మైకులు, విజిళ్ళు. అంతా విని, "సర్వర్‌లోకి మేం చేత్తో ఎక్కించడానికి లేదండి, మీ లాగిన్ నుంచే రావాలి. తహశీల్దారు గారికి చెప్తాను, లైను దొరకాలి గదా. మీరు మాత్రం రిస్కు తీసుకోకండి" అన్నాడు. అవతల ఎవరో పిలిచారు. గొంతు హడావుడిగా మారింది. "లచ్చయ్యా, నాలుగింటి రీడింగు మాత్రం మిస్ కానీయకు." రెండు మాటలూ ఒకే ఊపిరిలో అన్నాడు. ఫోను పెట్టేశాక ఆ రెంటిలో దేన్ని వినాలో లచ్చయ్యకు చెప్పేవాళ్ళు లేరు.

భయం వేసింది. దాచుకోవలసినంత గొప్పవాడేమీ కాదు కనుక, బల్ల అంచు పట్టుకుని కాసేపు బాగా భయపడ్డాడు. పోకపోతే ఏమవుతుంది? నాలుగింటికి ఒక ఖాళీ గడి పడుతుంది, 'రీడరు హాజరు కాలేదు' అని. మహా అయితే ఇంకో మెమో. ఎవరూ తప్పు పట్టరు. ఐతారం మణుగూరు పోవచ్చు, తమ్ముడికి దండ వేయవచ్చు. అవతలివాళ్ళు ఆయన మాట నమ్మరు, సైరన్ మోత నమ్ముతారు. సైరన్ మోగించే ఫోను ఆయన్ని వలయంలో నిలబడితేనే నమ్ముతుంది. ఆ వలయం నీళ్ళలో ఉంది, దాన్ని నీళ్ళలో పెట్టించింది తానే. గట్టు మీది స్తంభం చూపించి ఉంటే, ఇప్పుడు ఈ కుర్చీలోంచే సైరన్ మోగించేవాడు. ఆ మే నెల ఎండ, ఆ ఇసుక, 'గిదే సార్ అసలుది' అన్న తన గొంతు గుర్తొచ్చి సిగ్గుతో మొహం వేడెక్కింది.

నాలుగింటికి ఇంకా ఐదు నిమిషాలు. కిటికీలోంచి చూశాడు. ఐదు మీటర్ల పది. రిజిస్టరు తెరిచి నాలుగు గంటల గడిలో పెన్సిలుతో రాశాడు. గాలికి పేజీ తిరగకుండా కళ్ళద్దాలు తీసి దాని మీద పెట్టాడు. ఎర్ర, పచ్చ తెలియడానికి అద్దాలు అక్కర్లేదు. గొడుగు వంక చూశాడు గానీ తీసుకోలేదు. ఫోనును పాలిథిన్ సంచిలో వేసి మెడకు కట్టుకున్నాడు. తాడు నడుముకు బిగించుకున్నాడు.

రెండో రాయి దగ్గరే నీళ్ళు నడుం దాటాయి. మూడో రాయి, నాలుగోది, కాలితో వెతికి, ఉందని తేలాకే రెండో కాలు. ఐదో రాయి దగ్గర తాడు గట్టిగా లాగింది. ముడి విప్పి, ఉచ్చును మునిగిన రాయికి తగిలించాడు. ఆరోది. నీళ్ళు ఆయన్ని ఒక పక్కకు నెడుతూనే ఉన్నాయి, కోపం లేకుండా, ఆగకుండా. ఏడోది. రాయిని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఫోను పైకెత్తాడు. ఎర్రగా ఉంది. అరడుగు ముందుకు ఒరిగాడు. పచ్చబడింది. ఐదు, చుక్క, ఒకటి, సున్న. ముఖం చూపించమంది. 'ముఖం సరిపోలలేదు. మళ్ళీ ప్రయత్నించండి.' మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. వాన మళ్ళీ తడిపింది. మళ్ళీ తుడుచుకుని, వాన తగలకుండా అరచేతిని నుదుటికి అడ్డం పెట్టుకున్నాడు. ఈసారి సరిపోయింది. కళ్ళు ఆర్పమంది. ఆర్పాడు. తెర మధ్యలో చక్రం తిరిగింది, తిరిగింది, టిక్కు పడింది.

ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత అవతలి గట్టు మీద సైరన్ లేచింది. ప్రారంభోత్సవం నాడు తప్ప అది కూయడం ఎవరూ వినలేదు. వాగు హోరును కూడా చీల్చుకుంటూ వచ్చింది. చూస్తుండగానే ఇళ్ళ మధ్య రంగులు కదిలాయి. గుట్ట దారి పట్టాయి. చంకల్లో పిల్లలు, మేకలు, మంచాల మీద మోస్తున్న ముసలివాళ్ళు. ఆ రంగుల్లో ఒకటి ఆగి ఇటువైపు చెయ్యి ఊపినట్టనిపించింది. జంపక్క కావచ్చు. అద్దాలు లేవు కనుక తేల్చుకోలేకపోయాడు. సంతోషంగా ఉంది, చెప్పుకోలేనంత సంతోషంగా ఉంది. తాను కూడా చెయ్యి ఊపాడు.

తిరిగి బయల్దేరాడు. ఆరో రాయి కాలికి తగిలింది. పైనుంచి ఇంకో చెట్టు వస్తోంది, వేళ్ళతో సహా. దాన్ని ఆయన చూడలేదు. తాడు తగిలించిన ఐదో రాయి కోసం కాలితో వెతుక్కుంటున్నాడు.

సైరన్ వినబడేసరికి బతుకమ్మ చాయ్ ఫ్లాస్కుతో దారిలో ఉంది. 'అమ్మయ్య, పనైనట్టుంది' అనుకుని అడుగు నెమ్మది చేసింది. గదిలో ఎవరూ లేరు. గొడుగు మేకుకే ఉంది. ఎదురుగా వాగు. మద్ది చెట్టు తాడు నీళ్ళ కేసి బిగుసుకుని ఉంది. మనిషే ఉన్నాడనుకుని దాన్ని చేతులు కోసుకుపోయేలా లాగింది. ఐదో రాయి కదల్లేదు. పిలిచింది. ఇంకోసారి పిలిచింది. ఆ తర్వాత గట్టు మీదుగా కిందికి, మళ్ళీ పైకి, గొంతు పోయేదాకా పిలుస్తూ తిరిగింది. గుట్ట మీద నుంచి జనం ఇటే చూస్తున్నారు. వాగు ఇప్పలగుంపు మొదటి ఇంట్లోకి అడుగుపెట్టేసరికి అక్కడ కోడిపిల్ల కూడా లేదు.

ఐదు దాటాక ఆమె ఫోను మోగింది. ఉదయ్ భాస్కర్.

"అమ్మా, లచ్చయ్య గారి ఫోను కలవట్లేదండి. నాలుగింటి రీడింగు అందిందని చెప్పండి. ఊరంతా పైకెక్కేసిందట, ఆయన వల్లే. ఐదింటిది మాత్రం ఇంకా రాలేదు."

ఆమె ఫోను చెవి దగ్గర పట్టుకునే గదిలోకి వచ్చింది. బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. దాని మీది కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచి పక్కన పెట్టింది. చదవడం రాదు, అయినా వేలు పెట్టి ఒక్కో గడీ కిందికి జరుపుకుంటూ వచ్చింది. పొద్దున ఆరు నుంచి మూడింటి దాకా పదీ నీలంగా ఉన్నాయి. ఆ కింద నాలుగు గంటల అంకె నల్లగా, పెన్సిలుతోనే ఉంది.